తరమడం మానుకున్న పసులపోలిగాడు

యుద్ధం జరుగుతున్న రోజులవి. విమానాలు దిగే మైదానం కంచె పక్కన ఒక తుమ్మచెట్టు. పై కొమ్మన పసులపోలిగాడు, కింది కొమ్మన గువ్వమ్మ కాపురం. పోలిగాడంటే పిడికెడంత నల్లపిట్ట. గేదె వీపు మీద సవారీ చేస్తూ తిరిగేవాడు, కాకి తోక కనబడిందా, పొలిమేర దాటేదాకా తరిమిగానీ వదిలేవాడు కాదు. అలాంటివాడి నీడన చోటిచ్చావని గువ్వమ్మ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

వాడి గుణం అక్కడి కాకి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. ఒకనాడు అన్న కాకి కావాలనే వాడి ముక్కు ముందునుంచి ఎగిరింది. వాడు బాణంలా వెంటపడ్డాడు. అటు అది వాణ్ణి లాక్కుపోగానే, ఇటు తమ్ముడు కాకి గువ్వమ్మ రెండు పిల్లల్లో ఒకదాన్ని ఎత్తుకుపోయింది.

పోలిగాడు రొమ్ము విరుచుకుని తిరిగొచ్చాడు. "ఎంత దూరం తరిమానో చూశావా పిన్నీ!"

"చూశాను నాయనా. ఇటు గూడు కూడా చూడు."

చూశాడు. తల వాలిపోయింది. "తరమడమేగా పిన్నీ నా పని..."

గువ్వమ్మకు ఏడుపొచ్చినా గొంతు పెంచలేదు. "మా ముత్తవ్వ ఈ కంచె మీదే కూర్చునేదట. అప్పట్లో ఈ యుద్ధవిమానాలు శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికే వెళ్లేవట. మా అమ్మమ్మ నాటికి ఆకాశంలో ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఇప్పుడు చూడు, దెబ్బలు తగిలినవాళ్లను మోసుకొచ్చే ఆ పెద్ద విమానాన్ని అంటిపెట్టుకుని వస్తున్నాయి. ఎవడు కవ్వించినా దాన్ని వదలవు. అవసరాన్ని బట్టి వాటి పనీ మారింది. నాకింక ఈ ఒక్క బిడ్డే మిగిలింది బాబూ."

మర్నాడు అన్న కాకి మళ్లీ దిగింది. "ఏరా పోలిగా, రెక్కలు పడిపోయాయా? గువ్వపిల్లకి ఆయాగా కుదిరావా?"

వాడి తోక అదిరింది. కొమ్మను మాత్రం వదల్లేదు.

"పిరికిగొడ్డా!"

"అవున్రా, పిరికివాణ్ణే. పో, పో."

ఆకుల చాటున దాక్కున్న తమ్ముడు కాకికి ఓపిక చచ్చింది. ఆ "పో, పో" వినగానే పోలిగాడు ఎప్పటిలాగే అన్న వెంట ఎగిరిపోయుంటాడనుకుని గూట్లోకి ముక్కు చాచింది. అంతే, నెత్తిమీద టపటపా పొడుపులు!

"ఒరే అన్నా, వీడిక్కడే ఉన్నాడేంట్రా!" అని అరుస్తూ, ఈకలు రాల్చుకుంటూ కాకి పారిపోయింది. పోలిగాడు వెంటపడలేదు. గూటి అంచునే వాలాడు.

గువ్వపిల్లకు రెక్కలొచ్చి ఎగిరిన పొద్దున, గువ్వమ్మ దేవుడికి దణ్ణం పెట్టి, పై కొమ్మకేసి తిరిగింది. "చల్లగా ఉండు నాయనా. తరమాలని ఎంత మనసైనా, నా బిడ్డ కోసం ఆగావు."

బలమున్నవాడు ముందుగా తన వెనకున్నవాళ్లను చూసుకోవాలి.