అమ్మినవారి పేర చెల్లించిన నూరవపాలు

శంఖినీ నదీతీరమున విమలబోధ మహర్షి జపము ముగించి కూర్చుండియుండగా, శీలధరుడను ముని వచ్చి నమస్కరించి యిట్లడిగెను. "స్వామీ, లోకమున గృహస్థులు ఇల్లు కొందురు, పొలము కొందురు. పాలు పొంగించి లోనికి పోదురు. అయినను కొందరికి ఆ యింట అడుగుపెట్టిన నాటినుండి మనసు నిలువదు, చేపట్టిన పని కలిసిరాదు. దీనికి కారణమేమి? ఏ వ్రతము చేసిన కొన్న నేల తమదగును?"

మహర్షి సంతసించి, భూదేవికి మిక్కిలి ప్రీతియైన నూరవపాలు వ్రతమొకటి కలదనియు, దానిని తప్పి మరల ఆచరించిన కంచరి దంపతుల చరిత్రము చెప్పెదననియు పలికి, ఈ కథ చెప్పసాగెను.

పూర్వము మణితీరమను పట్టణమున భద్రయ్య అను కంచరి యుండెను. అతని భార్య నాగసాని. ఇరువురును కష్టజీవులు. వారు చేసిన రాగి బిందెలు మూడు రేవులకు పోవుచుండెను. ఆ పట్టణముననే పొన్నయ్య అను వృద్ధుడు పడవ నడుపుచు బ్రతుకుచుండెను. ఒక గాలివానలో అతని పడవ బద్దలుకాగా, క్రొత్తది చేయించుకొనుటకై తన పెంకుటిల్లు అమ్మజూపెను. భద్రయ్య దానిని రెండువందల మాడలకు కొనెను.

ఆ దేశపు రాజు ఒక కట్టడి చేసియుండెను. ఏబది మాడలకు తక్కువ కాని వెలకు ఇల్లుగాని నేలగాని కొన్నవారు, ఆ వెలలో నూరవపాలు, అనగా నూటికొక మాడ, అమ్మినవారికీయక ఆపవలెను. కొన్న నెల ముగిసిన పిమ్మట ముప్పది దినములలోపల దానిని రాజుగారి బొక్కసమున, తమ పేర గాక, అమ్మినవారి పేర చెల్లింపవలెను. బొక్కసపువారిచ్చిన చెల్లుచీటి తెచ్చి అమ్మినవారి చేతికీయవలెను. ఏడాది చివర వారు ఆ చీటి చూపినచో వారి పన్నులో అంత సొమ్ము తగ్గును. ఈ మూడును జరిగిన గాని కొనుగోలు ముగిసినట్లు గాదు.

భద్రయ్య నూటతొంబదియెనిమిది మాడలు పొన్నయ్యకిచ్చి రెండు మాడలు ఆపెను. ఆ వారమే రేవునకు రాగి రేకులు చౌకగా వచ్చెను. రెండు దినములలో తిరిగి పెట్టవచ్చునని తలచి ఆ సొమ్ముతో రేకులు కొనెను. రెండు దినములు రెండు నెలలాయెను. పిమ్మట ఆ మాటయే మరచెను.

భూదేవి చిన్నబోయెను. నాటినుండి భద్రయ్య చేసిన ప్రతి బిందెయు అతుకు వద్ద కారసాగెను. కొన్నవారు తిరిగి తెచ్చి అంగడి ముందు పడవేసి పోయిరి. పనివారు వేరుచోటికి తరలిరి. కొలిమి చల్లారెను.

ఏడాది చివర పొన్నయ్య బొక్కసమునకు పోగా, అతని పేర ఏమియు జమ కాలేదని అధికారి చెప్పెను. పన్ను చెల్లించుటకు అతనియొద్ద ఏమియు లేదు. ఉన్నదంతయు పడవకే పెట్టియుండెను. భటులు వచ్చి, అప్పుడే పూర్తియైన ఆ క్రొత్త పడవను గొలుసుతో బంధించి ముద్ర వేసిరి.

ఒక ఉదయమున నాగసాని రేవువైపు పోవుచు, గొలుసు వేసిన పడవ ప్రక్కన పొన్నయ్య కూర్చుండుట చూచెను. ఏమైనదని అడుగగా అతడు జరిగినదంతయు చెప్పి, "మీ ఆయన కట్టే ఉంటాడమ్మా. మాట తప్పే మనిషి కాడు. ఆ చీటీ ఎక్కడో పడిపోయుంటది. ఓసారి వెతకమను" అనెను.

ఆమెకు ఆ మాట నిందకంటె బరువాయెను. ఇంటికి వచ్చి భర్తను అడుగగా, అతడు తలవంచుకొని ఉన్నది చెప్పెను.

"అది మన సొమ్ము కాదండీ. ఆ తాతది. మన చేతికిచ్చి పంపమన్నాడు, అంతే" అని నాగసాని తన వెండి వడ్డాణము తీసి అతని ముందుంచెను. భద్రయ్య దానిని తాకలేదు. మిగిలిన రాగి రేకులన్నియు ఆ పూటనే అమ్మివేసెను. దంపతులు స్నానము చేసి, కొన్న ఇంటి వాకిటిలో పిడికెడు మన్ను తీసి ఆకులో ఉంచి, పసుపు కుంకుమలతో భూదేవిని పూజించి బొక్కసమునకు పోయిరి.

గడువు దాటినందున వడ్డీయు దండుగయు కలిపి మరియొక మాడ కావలెనని అధికారి చెప్పెను. ఆలస్యము తనది గనుక ఆ మాడ తనదనియు, రెండు మాడలు మాత్రము పొన్నయ్య పేర వ్రాయవలెననియు భద్రయ్య వేడుకొనెను. "సాకు చెప్పకుండా వచ్చినవాణ్ణి ఈ ఏడు నిన్నే చూశాను" అని అధికారి చెల్లుచీటి వ్రాసి, పడవ విడువుమని ఆజ్ఞ ఇచ్చెను.

చీటి ఎక్కడో పడి ఇప్పుడు దొరికినదని చెప్పిన చాలియుండెను. ఆ సాకు పొన్నయ్యయే యిచ్చియుండెను. అయినను భద్రయ్య నాగసానితో రేవునకు పోయి, చీటి అతని చేతికిచ్చి, "తాతా, చీటీ పోలేదు. నేను కట్టనే లేదు. నీ డబ్బుతో రాగి కొన్నాను" అని చెప్పెను.

పొన్నయ్య చీటి మడిచి రొంటిని దోపుకొని, "ఇప్పుడు కట్టావుగా. ఎక్కండి ఇద్దరూ. ఇది ఇంకా ఎవరినీ దాటించలేదు" అనెను. ఆ పడవలో మొదట ఏరు దాటినవారు ఆ దంపతులే. నాటినుండి భద్రయ్య బిందెలలో నీరు నిలిచెను, పనివారు తిరిగి వచ్చిరి, అంగడి మరల కళకళలాడెను.

కొన్నేండ్లకు భద్రయ్య సింగమ్మ అను పూలమ్ము స్త్రీ యొద్ద పూలతోట కొనెను. నూరవపాలు గడువులోపలనే ఆమె పేర చెల్లించెను. కాని చెల్లుచీటిని పెట్టెలో పెట్టి ఊరకుండెను. అంతట కొలిమి ఎంత ఊదినను ఎఱ్ఱబారదాయెను. నాగసాని, సింగమ్మకు చీటి ముట్టినదా అని అడిగెను. భద్రయ్య వెంటనే పెట్టె తెరచి చీటి మూటగట్టుకొని, సింగమ్మ చెల్లెలియింట నున్నదని విని, రెండు దినములు నడచి ఆ ఊరు చేరెను. చీటి చూపనందున పన్ను చెల్లలేదని అప్పటికే అధికారులు రెండుసార్లు వచ్చి ఆమెను ప్రశ్నించి పోయియుండిరి. ఆమె చదువురానిది. చీటి చదివి వినిపింపుమనెను. అతడు చదివెను.

"నా పేరు రాజుగారి పుస్తకంలో ఉందా అయ్యా?"

"ఉందమ్మా. మీ నాన్న పేరు కూడా ఉంది."

ఆమె ఆ చీటిని కన్నులకద్దుకొని, తిరుగు ప్రయాణమునకు చల్దిమూట కట్టి యిచ్చెను. ఇంటికి వచ్చుసరికి కొలిమి మండుచుండెను. ఆ దంపతులు పుత్రపౌత్రులతో చిరకాలము సుఖముగ నుండిరి.

ఇట్లు చెప్పి మహర్షి శీలధరునితో మరల ఇట్లనెను. ఇల్లు కొన్నవారును పొలము కొన్నవారును ఈ వ్రతము చేయవలెను. ఇద్దరు కలిసి కొన్నచో ఎవరి వంతు వారు చెల్లింపవలెను. వెల కొంచెము కొంచెముగ ఇచ్చువారు ఇచ్చిన ప్రతిమారును నూరవపాలు ఆపవలెను. అట్లు చేసినవారికి పొలిమేర తగవులు తీరును, కొన్న ఇంట కంటికి నిద్రపట్టును, ఆ నేల వారి బిడ్డలను తనవారిగ ఎరుగును. వ్రతము ముగిసిన దినమున తమకు ఇల్లమ్మినవారిని భోజనమునకు పిలిచి, వారు కూర్చుండిన పిమ్మటనే తాము కూర్చుండవలెను. వారు గతించియున్నచో వారి పేర ఒక విస్తరి వేసి, ఆ పేరు మూడుమారులు పైకి పలికి, అటుపిమ్మట ముద్ద ముట్టవలెను.