పటం పట్టుకునేవాడు

హేమసుందర్‌కి విరిగిన చెయ్యి అతుక్కుంది గానీ, మనసు కుదుటపడలేదు.

భీమిలి తీరానికి అతను తిరిగొచ్చి వారం దాటింది. ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు. మధ్యాహ్నం గాలి లేచేవేళకి వస్తాడు. ఇసుక మీద తన పెద్ద గాలిపటం పరుస్తాడు, తాళ్లు సాగదీస్తాడు, ముడులు చూస్తాడు, విప్పుతాడు, మళ్లీ వేస్తాడు. ఈలోగా గాలి పడిపోతుంది. పటం మడిచి సంచిలో పెట్టుకుని వైజాగ్ బస్సెక్కేస్తాడు.

ఈ ఆట ఎరగనివాళ్లకి ఒక్క మాట. దీన్ని కైట్‌సర్ఫింగ్ అంటారు. నడుముకి పట్టా బిగించుకుని, దానికి పొడుగాటి తాళ్లతో పటాన్ని తగిలించుకుని, కాళ్లకింద చెక్కతో అలల మీద పరుగులు తీయడం. పటమంటే పిల్లలెగరేసే కాగితం ముక్క కాదు. గాలి గట్టిగా ఉంటే మనిషిని ఎత్తి అవతల పారేస్తుంది. ఒకప్పుడు ఈ గాలినే నమ్ముకుని ఓడలెక్కి వచ్చిన డచ్చివాళ్లు ఇదే ఊళ్లో సమాధుల్లో పడుకుని ఉన్నారు. గాలితో వ్యవహారం అలాంటిది మరి.

ఎంత మొనగాడైనా పటాన్ని తనంతట తాను లేపుకోకూడదు. తాళ్ల అవతలి కొసన ఇంకొకరు దాన్ని నిలబెట్టి పట్టుకోవాలి. ఎక్కడా తాడు మెలిపడలేదని చూసి, "చూశాను!" అని గట్టిగా అరిచి, అప్పుడు వదలాలి. అది లాజరు మాస్టారు పెట్టిన కట్టుబాటు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి దిగిపోయాక ఆయన ఈ విద్య పట్టుకున్నారు. తీరంలో ఆయన శిష్యులు ఓ పదిమంది ఉంటారు.

వేసవి మొదట్లో రామేశ్వరం పోటీకి ఎవరిని పంపాలో తేల్చాల్సిన రోజు వచ్చింది. బరిలో మిగిలింది ఇద్దరే, హేమసుందరూ తవిటినాయుడూ. హేమసుందర్ పటాన్ని పట్టుకున్నది కూడా తవిటినాయుడే. "చూశాను!" అని అరిచాడు, వదిలాడు. పటం చెవికి, అంటే రెక్క కొసకి, సన్నతాడు చుట్టుకుని ఉంది. పైకి లేచిన పటం బొంగరంలా తిరిగి, హేమసుందర్‌ని ఇసుకంతా ఈడ్చి రాళ్ల మీద పడేసింది.

రామేశ్వరం తవిటినాయుడే వెళ్లాడు. గెలవలేదనుకోండి. అయినా వెళ్లాడు కదా!

ఆసుపత్రి మంచం మీద హేమసుందర్‌కి వేరే పని లేదు. ఉన్నదల్లా ఆలోచనే. చూడ్డానికి వచ్చిన తవిటినాయుడు తలెత్తి ఒక్క మాటన్నా మాట్లాడలేకపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాడు హేమసుందర్. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. అది అక్కడితో ఆగలేదు. తిరిగొచ్చి చూస్తే, అందరి పటాలూ పట్టుకునే పని మాస్టారు తవిటినాయుడికే అప్పగించి ఉన్నారు. దాంతో మాస్టారి మీదా అనుమానం మొదలైంది.

ఒకరోజు ఉండబట్టలేక ఆయన దగ్గరికే వెళ్లాడు. మాస్టారు తన పటం పక్కన గొంతుక్కూర్చుని తాళ్లు సర్దుకుంటున్నారు.

"మాస్టారూ, తవిటినాయుణ్ణి పంపెయ్యండి."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. వాడుంటే నేనుండను."

మాస్టారు చేతిలో పని ఆపలేదు. "ఏం చేశాడేంటి?"

"మీకు తెలీదా? చూసే వదిలాడు. చూశానని అరిచాడు కూడా. అంత తాడు చుట్టుకుని ఉంటే కనపడదా? వాడేం గుడ్డివాడా?"

"అయితే కావాలనే చేశాడంటావు."

"కాక? ఆ మర్నాటి నుంచీ మీరేమో వాడి చేతికే అందరి పటాలూ ఇస్తున్నారు. ఏమనుకోవాలి నేను?"

"ఏమనుకుంటున్నావు?"

హేమసుందర్ నోటిదాకా వచ్చిన మాటని మింగేశాడు. మాస్టారికి కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. తప్పు లేనివాడైతే కోపం రావద్దూ అనిపించింది. అదీ అతని పరిస్థితి.

మాస్టారు మోకాళ్ల మీద చేతులానించి లేచారు.

"గాలి బావుంది. నా పటం పట్టుకో, ఒక చుట్టు వేసొస్తాను."

పటం అంచు అతని చేతుల్లో పెట్టి, తాళ్ల వెంబడే నీళ్లవైపు నడిచిపోయారు. ఆ కొసకి చేరి నడుంపట్టాకి తగిలించుకున్నారు. తాళ్లు బిగిశాయి. హేమసుందర్ పటం నిలబెట్టి తాళ్ల వెంట చూపు సాగదీశాడు. సగం దూరం చూసి ఉంటాడో లేదో, పక్కన ఎవరో కదిలినట్టయింది.

తవిటినాయుడు. హేమసుందర్ పటం పరిచి ఉన్నచోట వంగి ఏదో చేస్తున్నాడు.

చుట్టూ ఒకసారి చూశాడు, మళ్లీ వంగాడు. హేమసుందర్‌కి ఒళ్లు మండింది. ఇవాళ దొరికావురా అనుకున్నాడు. చేతులు మాస్టారి పటాన్ని పట్టుకునే ఉన్నాయి గాని, కళ్లు మాత్రం తన పటాన్నీ తవిటినాయుడి చేతుల్నీ వదల్లేదు.

మాస్టారు వదలమని బొటనవేలు ఎత్తారు.

"చూశాను!" అని అరిచి హేమసుందర్ వదిలేశాడు.

పటం పైకి లేచింది. లేస్తూనే పక్కకి ఒరిగింది, ఒరిగి గిర్రున తిరిగింది. మాస్టారి కాళ్లు నేలను వదిలేశాయి. ఆయన్ని ఎత్తి ఇసుక మీద బోర్లా పడేసి, పటం నీళ్లవైపు ఈడ్చుకుపోయింది. పటాన్ని వదిలించే మీట పట్టాకి ఉంటుంది, ఆయన దాన్ని సమయానికి లాగేసుకోబట్టి సరిపోయింది. తాళ్లు వదులై, పటం చచ్చిన చేపలా అలల్లో పడింది.

అందరికన్నా ముందు పరుగెత్తింది తవిటినాయుడు. మాస్టార్ని లేపి కూర్చోబెట్టాడు. నుదురు చీరుకుపోయింది, గడ్డం నిండా ఇసుక. మిగతావాళ్లు పటాన్ని ఒడ్డుకి లాగారు. దాని చెవికి సన్నతాడు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. హేమసుందర్ పట్టుకున్నచోటుకి జానెడు దూరంలో.

"చూశానని అరిచాడే!" అన్నారెవరో.

అందరూ హేమసుందర్ వైపు తిరిగారు. కొంచెం ముందు అతను మాస్టారితో గొంతు పెంచి మాట్లాడ్డం వాళ్లు విన్నారు. ఏం చెప్పాలి? చూడలేదంటే అరిచిందెందుకు? చూశానంటే వదిలిందెందుకు? తను కావాలని చెయ్యలేదు. ఆ సంగతి తనకి తెలుసు. కానీ అది ఇంకొకరికి చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు.

తవిటినాయుడి వైపు చూడాలంటే భయమేసింది. చూశాడు. తవిటినాయుడు మాస్టారి గడ్డం మీది ఇసుక దులుపుతున్నాడు.

"నా పటం దగ్గర నువ్వేం చేస్తున్నావు?" అన్నాడు హేమసుందర్.

"గాలికి లేసిపోతందని ఇసక ఏసినాను బావూ. నువ్వు మాస్టారి పటం అట్టుకున్నావు గదా, ఆల్ని ఇడిసి రానేవు." అన్నాడు తవిటినాయుడు.

అటు తిరిగి చూస్తే నిజమే. పటం అంచు మీద దోసిళ్లతో పోసిన ఇసుక కుప్పలు.

అప్పుడు కూడా హేమసుందర్ మనసులో ఒక పురుగు కదిలింది. తాళ్లు సర్దింది మాస్టారే కదా, ఆయనే చుట్టి ఇవ్వలేదు కదా?

"మాస్టారూ, ఆ తాడు మీరే..."

మాస్టారు నోట్లో ఇసుక ఉమ్మేసి అతనికేసి చూశారు.

"అలా అనుకుంటే నీకు హాయిగా ఉంటుందా?"

హేమసుందర్ తల వాల్చేశాడు. ఎవరు చుట్టినా, ఎలా చుట్టుకున్నా, అది ఉన్నది తన చేతుల దగ్గర. తను చూసింది ఇంకోవైపు.

మాస్టారు లేచారు. తవిటినాయుడు భుజం పట్టుకోబోతే వద్దని, ఉప్పునీళ్లతో నుదురు కడుక్కున్నారు. పటం చెవికున్న చుట్లు తనే విప్పారు. తాళ్లు తనే సాగదీశారు. తర్వాత పటాన్ని ఎత్తి తెచ్చి హేమసుందర్ ముందు నిలబెట్టారు.

"పట్టుకో."

హేమసుందర్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనా? వద్దు మాస్టారూ. తవిటినాయుడున్నాడు కదా."

"ఈ రెండు నెల్లూ వాడే పట్టుకున్నాడు. ఇవాళ నువ్వు పట్టుకో."

"మళ్లీ నేనెలా..."

"ఇవాళ నీకన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసేవాడు ఈ తీరంలో ఎవడున్నాడురా?"

అంతే. మాస్టారు వీపు తిప్పి నడిచిపోయారు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

హేమసుందర్ పటం అంచు అందుకున్నాడు. ఈ చెవి నుంచి ఆ చెవిదాకా చూశాడు. ఒక్కొక్క తాడూ మాస్టారి నడుందాకా చూశాడు. మాస్టారు వేలెత్తారు. అయినా ఇంకొకసారి చూశాడు. అప్పుడు అరిచాడు, వదిలాడు.

పటం నిటారుగా లేచి మాస్టారి తలకి పైన నిలిచింది. మాస్టారు చెక్క మీదెక్కి లైట్‌హౌస్ వైపు దూసుకుపోయారు.

హేమసుందర్ వెళ్లి తన పటం మీది ఇసుక దులిపి, దాన్ని ఎత్తుకుని తవిటినాయుడి దగ్గరికి వచ్చాడు. అతని మొహంలోకి చూడలేక, పటం వైపే చూస్తూ అన్నాడు:

"కాస్త పట్టుకుంటావా?"