దొరను భుజాలకెత్తిన చెడుగుడు జట్టు

ఈ సంగతి మొదట చెప్పింది మా మేనమామ చిట్టెయ్య. ఆ రోజుల్లో చెడుగుడు అంటే ఊళ్లో పొయ్యి వెలిగేది కాదు, అందరూ ఆట దగ్గరే. జట్టును పోషించే దొర మాత్రం గుర్రానికి వెండి గజ్జెలు చేయించి, ఆటగాళ్లకు గంజి పోయించేవాడు.

గెలిస్తే జట్టు దొరను భుజాల మీద ఊరేగించాలి, అది ఆనవాయితీ. పందేనికి నెల ముందు జట్టు పెద్ద గురవడు, "అప్పుడు తడబడకుండా ఓసారి ఎత్తి చూస్తాం దొరా," అన్నాడు. దొర మురిసిపోయాడు. ఏడుగురూ ఎత్తుకుని బురదగుంట మధ్యకు వచ్చేసరికి కాళ్లు వణికాయి.

"ఏరా, ఊపుతున్నారేం?"

"మేం కాదు దొరా, లోపల గంజి ఊగుతోంది."

"దించండ్రా."

"మెల్లగా దించే బలం లేదు దొరా. పడెయ్యడమే."

దొర పైనుంచే వంటవాణ్ని కేకేసి, ఊరందరూ వింటుండగా, రోజూ మాంసం, నెయ్యి పెట్టమన్నాడు. ఆ తిండితోనే జట్టు గెలిచింది.

ఆటస్థలం రాతి మీద మాత్రం 'మహాదాత' అని దొర పేరే ఉందట. చదువుకున్నవాళ్లెవరైనా అక్కడ గురవడి పేరు చెక్కించండి నాయనా.