గవాక్షి మీద బండ

జపానికి కూర్చుంటే చాలు, ఖాజాపీరాకు కోపం వచ్చేది.

ఎవరి మీదో తెలియదు. కళ్ళు మూసుకోగానే కణతలు కొట్టుకునేవి. పక్కన ఎవరైనా దగ్గితే లేచి కొట్టాలనిపించేది. కొండ కింది దర్గాలో ఫకీరు మౌలా షాకు శిష్యుడై, వంటింటి సేవ పట్టి అతనికి చాలా కాలమైంది. ఇంత సేవ చేస్తున్నా మనసెందుకు కుదరడం లేదో అర్థమయ్యేది కాదు.

దర్గా వంటిల్లు మట్టిమిద్దె. పొగ పోవడానికి పైకప్పులో ఒక గవాక్షి ఉండేది. వానలు పట్టుకున్నప్పుడు నీళ్ళు పడకుండా పీరా దాని మీద నాపబండ కప్పాడు. వానలు వెళ్ళిపోయాయి. బండ అలాగే ఉంది. మొదట రేపు తీద్దామనుకున్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ఒకసారి ఎవరో యాత్రికుడు గడప దగ్గరే ముక్కు మూసుకుని, "ఈ పొగలో ఎట్లా ఉంటావయ్యా?" అని అడిగాడు.

"ఇదే నా తపస్సు" అన్నాడు పీరా.

యాత్రికుడు చేతులు జోడించాడు. ఆ తర్వాత బండ తీయాలన్న ఆలోచనే పీరాకు రాలేదు.

మధ్యాహ్నం దర్గాలో తినడానికి వచ్చేవాళ్ళలో సుంకులమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటి నాపరాళ్ళ గనిలో చరియ విరిగిపడి పోయాడు. తట్టలో సంకటి ముద్ద పడగానే ఆమె రోజూ ఒకే మాట మొదలుపెట్టేది.

"మా మద్దిలేటికి సంకటంటే పానం నాయనా. ఉల్లిగడ్డ కొరుక్కుంటా తింటాంటే చూడాల..."

మొదట్లో పీరా చెయ్యి ఆపి వినేవాడు. కొన్నాళ్ళకు వినకుండానే తలూపడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆమె నోరు విప్పేలోపే పక్క తట్ట దగ్గరికి జరిగిపోయేవాడు.

ఆ రోజు కట్టెలు పచ్చివి. వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి పీరా కళ్ళు నిప్పులు పోసినట్టు మండుతున్నాయి. సుంకులమ్మ తట్ట చాపి, "మా మద్దిలేటికి..." అంది.

"నీ కొడుకు బండ పడి చావలేదు!" అని అరిచాడు పీరా. "నీ నోరు పడలేక చచ్చినాడు!"

పంక్తిలో అందరూ తలలు తిప్పి చూశారు. సుంకులమ్మ అతని ముఖంలోకి చూసింది. తట్టను మెల్లగా కింద పెట్టింది. చీరకొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పీరా గురువు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు.

"నాలో సైతాను దూరినాడు బాబా. ఉపవాసం ఉండమంటే ఉంటాను. ఇంతకన్నా పెద్ద జపం ఏదైనా ఇవ్వండి."

మౌలా షా కర్ర పట్టుకుని లేచి వంటింటికి నడిచాడు. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాక ఆయన అటు రావడం మానేశాడు. పీట లాక్కుని పొయ్యి ముందు కూర్చున్నాడు.

"వండు" అన్నాడు.

పీరా పొయ్యి రాజేశాడు. కాసేపటికి ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు ధార కట్టాయి. దగ్గు ముంచుకొచ్చింది. దగ్గుతూనే తలెత్తి పైకి చూశాడు.

"దాన్నెవరు మూసినారు?"

"నేనే బాబా. వానలప్పుడు."

ఆయన బయటికి పోయి గోడకు చేరేసిన నిచ్చెన ఎక్కసాగాడు. పీరా పరుగెత్తుకొచ్చాడు.

"దిగండి బాబా, నేనెక్కుతాను!"

"నువ్వు పోయి పొయ్యి ముందర కూర్చో."

పీరా వెళ్ళి కూర్చున్నాడు. పైన రాయి జరిగిన చప్పుడైంది. పొగ ఒక్క క్షణం సుడి తిరిగి, తోవ దొరికి, పైకి పోయింది. ఎండ నేల మీద పడింది. మసిబారిన గోడలు, ఉప్పు కుండ, తన రెండు చేతులూ పీరాకు స్పష్టంగా కనిపించాయి. ఊపిరి లోపలికంటా దిగింది. కణతల దగ్గర కొట్టుకునేది నెమ్మదించింది.

హాయిగా అనిపించింది. ఆ హాయికే అతనికి భయం వేసింది. ఇంతేనా? ఇంత చిన్నదానికా నేను ఆ ముసలామెను అంత మాట అన్నాను?

మౌలా షా ఆయాసపడుతూ దిగి వచ్చాడు.

"నీ ఎర్రకళ్ళు నేను రోజూ చూస్తానే ఉంటి పీరా" అన్నాడు. "దేవుడి కోసం ఏడుస్తున్నావనుకున్నాను. అడగలేదు."

ఆ మధ్యాహ్నమే పీరా సుంకులమ్మ గుడిసెకు వెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేదు.

"అవ్వా, పొగకు తల తిరిగి అంత మాట అన్నాను. గవాక్షి మీద బండ బాబా తీసినారు, ఇప్పుడు పొగ లేదు. నన్ను మన్నించు. లేచి రా, తిందువుగాని."

"పొగా?" అంది సుంకులమ్మ. "ఒక్క మాట చెప్పింటే ఎవరినో ఒకరిని మిద్దె ఎక్కించి ఆ బండ తీపిచ్చేదాన్ని గదా నాయనా."

పీరా తల దించుకున్నాడు.

"నీ మీద నాకు కోపం లేదులే" అందామె. చేతిలో గింజ ఇంకా వదల్లేదు. "చరియ పడిన పొద్దున మద్దిలేటి నాతో పోట్లాడి, తినకుండానే గనికి పోయినాడు. నేనది మరిచిపోయినాను. వాడు ఉల్లిగడ్డ కొరుక్కుంటా తినేదొక్కటే పెట్టుకోని బతుకుతాంటి. నువ్వు ఆ మాట అన్యాక ఆ పొద్దునే గుర్తొస్తాంది. సంకటి నోట్లో పెట్టుకుంటే దిగడం ల్యా."

"అది నిజం కాదవ్వా! నోటికొచ్చింది అన్నాను."

"నిజమో కాదో నీకేం తెలుసు నాయనా?" అని ఆమె మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది.

పొద్దు వాలుతుండగా పీరా దర్గాకు తిరిగి వచ్చాడు. మౌలా షా మెట్ల మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. పీరా కింది మెట్టు మీద కూలబడి, ఆమె అన్నదంతా చెప్పాడు.

"ఆమె మనసులోంచి ఆ మాట ఎట్లా తీసేది బాబా?"

"తీయలేవు."

మౌలా షా రెండో మోకాలికి నూనె పట్టించాడు.

"రేపు కొర్రగంజి కాచి తీసుకుపో" అన్నాడు మౌలా షా. "సంకటి వద్దు."

"తాగకపోతే?"

"ఎల్లుండి తీసుకుపో."

"ఆమె నన్ను మన్నించేదాకానా బాబా?"

మౌలా షా నూనె చేతులు తుడుచుకున్నాడు.

"మన్నింపు నీ ఆకలి పీరా. నువ్వు ఆమె ఆకలి చూడు."