నేలమాళిగలో టేకు పలకలు

చిత్రగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఉద్దండవర్మగారు ఏలేవారు. ఎండ ఎక్కువైతే సూర్యుణ్ణే సంజాయిషీ అడిగే రకం.

ఆయన కోట అడుగున నేలమాళిగ కట్టించి, టేకు పలకలు పరవమన్నారు. "అడుగున చెమ్మ ఉంది ప్రభూ, నాపరాళ్లు వేద్దాం" అని తాపీమేస్త్రి పోలయ్య చెప్పబోతే, "నాకు నువ్వా చెప్పేది?" అని నోరు మూయించారు.

మూడు నెలలు తిరక్కుండానే పలకలు ఉబ్బి లేచాయి. పొరుగు రాయబారికి ఆ వైభవం చూపించబోయి, రాజుగారు కాలు తట్టుకుని బోర్లా పడ్డారు.

"కడుపుమంటతో పోలయ్యే నీళ్లు పోశాడు! చెరలో వేయండి. నాలుగో రోజున కుడిచెయ్యి నరకండి!"

పోలయ్య కూతురు సుంకులమ్మ తిన్నగా సభలోకి వచ్చింది. తండ్రి పక్కన సున్నం కలుపుతూ పెరిగిన పిల్ల.

"నీళ్లు పోసిందెవరో నేను పట్టిస్తాను మహారాజా. ఒక కంచుపళ్లెం, కాస్త లక్క, మీ ముద్రుంగరం కావాలి."

"పట్టించలేకపోతే?"

"నాకూ రెండు చేతులున్నాయి. అవీ నరుక్కోండి."

నేలమాళిగలో నాలుగు పలకలు ఊడదీయించింది. కిందున్న గచ్చును పొడిగుడ్డతో తుడిచి, పళ్లెం బోర్లించి, అంచు చుట్టూ లక్క పోసింది. రాజుగారే ముద్ర వేశారు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నారు.

మూడో రోజు పొద్దున తెరిచి చూస్తే ముద్ర చెక్కుచెదరలేదు. పళ్లెం ఎత్తితే మాత్రం లోపలంతా నీటిబొట్లు!

"తాళం మీది, ముద్ర మీది. మరి ఈ నీళ్లు ఎవరు చల్లారు ప్రభూ?"

రాజుగారు మొలలోని తాళంచెవి తడుముకున్నారు.

"మీ కోట కిందున్న భూమి! నరకాలనుకుంటే దానికి చెయ్యెక్కడుందో వెతికించండి."

రాజుగారి మీసం అదిరింది. మరుక్షణం ఆయన పగలబడి నవ్వి, మెడలోని హారం తీసి ఇవ్వబోయారు.

సుంకులమ్మ చెయ్యి చాపలేదు. "హారానికేం తొందర? ముందు మా నాన్నను వదలండి."

పోలయ్యను తీసుకొచ్చారు. "ఈ టేకంతా పై అంతస్తుకు మోయించండి ప్రభూ. ఇక్కడ నాపరాళ్లు పరిచి, గోడలకు గాలి కంతలు పెడదాం" అన్నాడు.

"అలాగే. ఇకమీదట ఈ కోటలో ఎక్కడ ఏ నేల వేయాలో నీ కూతురిదే తుదిమాట" అన్నారు రాజుగారు.

"మీకు నచ్చకపోతే?" అంది సుంకులమ్మ.

రాజుగారు మళ్లీ నవ్వారు. "బతిమాలుకుంటాను."

అప్పుడు అందుకుంది హారం.