చిక్కాలమ్మ వెలసిన జొన్నచేను

నల్లదుబ్బ గ్రామానికి పడమట, గోదావరి రేవుకు పోయే బాటలో చిక్కాలమ్మ గుడి ఉంది. గుడి చిన్నదే గాని మహిమ చిన్నది కాదు. ఆవరణ నిండా భక్తులు మొక్కుకొని పెట్టిన మట్టి గుర్రాలు. కళ్ళంలో ఎద్దుల మూతికి కట్టే తాళ్ళ చిక్కం ప్రతి గుర్రానికీ కట్టి ఉంటుంది. "ఇదేం విడ్డూరం!" అని నవ్వుకునే కొత్తవారు ముందు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఢిల్లీ పాదుషాల ఏలుబడి సాగేది. ఆ ఏలుబడి కూలబడి, ఢిల్లీ మాట ఢిల్లీలోనే చెల్లని రోజుల్లో మరాఠా గుర్రపుదళాలు గోదావరి దాటి రాసాగాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. దగ్గరి కోట అధికారి ఊళ్ళో గింజలన్నీ ఊడ్చుకుపోయి కోటలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే తల్లులు నీళ్ళు తాపి పడుకోబెట్టేవారు. చేలల్లో మోకాలెత్తు జొన్న గిడసబారి నాము పట్టింది. నామంటే విషమే, మేసిన పశువు ఇక లేవదు. మగడు పోయి ఒంటరిగా సేద్యం చేసుకునే ముత్తవ్వ ఒక్కగానొక్క బర్రె అలాగే పడిపోయింది.

మరాఠా దళం వస్తోందని విని ఊరి పటేలు లింగన్న సంబరపడ్డాడు. "ఎవ్వలూ నోరు మెదపొద్దు. గుర్రాలను మేయనియ్యుండ్రి. పీడ విరగడైతది" అన్నాడు. అందరూ తలలూపారు. ముత్తవ్వ కూడా ఊపింది.

తెల్లవారుజామున అమ్మవారు ఆమె కలలోకి వచ్చింది. "నీ బర్రె కోసం ఏడ్చినవు గదా బిడ్డా. ఆ గుర్రాలేం పాపం చేసినయి? వాటి మూతులు కట్టు" అంది. ముత్తవ్వ ఉలిక్కిపడి లేచి, ఇంటింటా తిరిగి చిక్కాలు అడిగి గంప నింపింది.

"నీకు పిచ్చి లేసిందా ముత్తవ్వా!" అని పటేలు గుడ్లురిమాడు.

"నిన్ను కాదంట గని, అమ్మను కాదనలేను పటేలా" అని చక్కా పోయింది.

గుర్రాలు దుమ్ము రేపుకుంటూ రానే వచ్చాయి. ముత్తవ్వ చేని గట్టున చేతులు చాచి అడ్డం నిలబడింది.

"ఆగు దొరా! ఈ జొన్నల నాము ఉన్నది. మేస్తే నీ గుర్రాలు దక్కవు. నమ్మకుంటే అగో, నా బర్రెను చూడు!"

సరిహద్దువాడు కాబట్టి దళనాయకుడు సటవాజీకి తెలుగు వచ్చు. చచ్చిన బర్రెను చూసి అతని ముఖం పాలిపోయింది. గంపలోని చిక్కాలు చాలకపోతే రౌతులు తలపాగాలు విప్పి గుర్రాల మూతులు కట్టారు!

"గుర్రం లేనిదే మాకు బతుకు లేదమ్మా. ఏం కావాలో కోరుకో" అన్నాడు సటవాజీ.

"కోటల మా గింజలున్నయి. తలుపు తెరిపియ్యి, చాలు" అంది ముత్తవ్వ.

ఇక చూడాలి ఆ వైభవం! దళం కోటను చుట్టుముట్టింది. అధికారి గింజ కూడా పెట్టక లోపల పస్తులుంటున్న కావలివాళ్ళు తామే తలుపులు తీశారు. ఒక్క నెత్తురుచుక్క రాలలేదు. సాయంత్రానికి బండ్లకు బండ్లు గింజలు ఊరికి చేరాయి. పటేలు సిగ్గుతో తల వంచి, మొదటి బస్తా తానే మోసుకొచ్చి ముత్తవ్వ వాకిట్లో దించాడు. ఊరంతా ఏడుస్తూ నవ్వింది. ఆ చేని గట్టునే అమ్మకు గుడి కట్టారు.

పశువులకు జబ్బు చేసినప్పుడు ఇక్కడ మొక్కుకుంటే అమ్మ చల్లగా చూస్తుందని భక్తుల నమ్మకం. జాతరనాడు వండే జొన్న గటకలో మొదటి ముద్ద ఊరివారెవరూ ముట్టరు. బాటన పోయే పరాయి మనిషిని, ఏ ఊరివాడైనా ఏ మతంవాడైనా సరే, చేయి పట్టి తెచ్చి పీట మీద కూర్చోబెడతారు. అతనికి వడ్డించేది పూజారి కాదు, లింగన్న పటేలు వంశంలోని పెద్ద. ఆ పరాయివాడు కడుపు నిండి "చాలు" అనేదాకా పటేలు నిలబడే ఉండాలి.