నీళ్ళు లేని చోట చందనం

సముద్రం వైపు తిరిగి ఉన్న ఒక కొండ మీద భిక్షువుల విహారం ఉండేది. విహారం వెనక తాటాకు కప్పిన పొడుగాటి శాల. ఓడల మీద జ్వరాలు తగిలించుకున్నవాళ్ళు, తెడ్లు వేసి వేసి రెక్కలు పడిపోయినవాళ్ళు, నడవలేక రేవులో మిగిలిపోయినవాళ్ళు అక్కడ పడుకుని ఉండేవాళ్ళు. వాళ్ళను చూసుకునే పని సీహుడిది. వయసులో చిన్నవాడే గానీ పనిలో వంక పెట్టడానికి లేదు. గంజి కాచేవాడు, గుడ్డలు ఉతికేవాడు, రాత్రిళ్ళు నుదుటి మీద తడిగుడ్డ మార్చేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. కొండరాతిలో తొలిచిన తొట్టిలో నీళ్ళు అడుక్కి దిగిపోయాయి. వాన పడడానికి ఇంకా చాలా కాలం ఉంది. నీళ్ళు పూర్తిగా ఎండితే శాల మూసేయాలి. మూసేస్తే అందులో ఉన్నవాళ్ళను మళ్ళీ రేవులోనే, ఉప్పుగాలిలో, చేపల బుట్టల పక్కన పడుకోబెట్టాలి. సగం మంది బతకరు. ఆ సంగతి సీహుడికి తెలుసు.

కింద రేవులో నాగదత్త శెట్టి ఉన్నాడు. ఓడలు ఆయనవి, గోదాములు ఆయనవి. చెయ్యి పెద్దది. పండగ వచ్చినా, ఓడ తిరిగొచ్చినా కొండ మీదికి ఏదో ఒకటి పంపకుండా ఉండడు. ఒకసారి ఇత్తడి దీపపు స్తంభం పంపాడు. ఇంకోసారి చందనం మొద్దులు. సీహుడు కళ్ళు దించుకుని పుచ్చుకునేవాడు. చందనం ఒక మూల పెట్టాడు. దీపపు స్తంభం మీద రోగుల గుడ్డలు ఆరేశాడు.

ఒక సాయంత్రం సీహుడికి ఓపిక నశించింది. పోయి గురువు ధమ్మసేనుడి దగ్గర కూర్చున్నాడు.

"భంతే, ఆ శెట్టి పుణ్యం కోసం ఇస్తున్నాడో పేరు కోసం ఇస్తున్నాడో నాకు అర్థం కావడం లేదు. మనుషులు గొంతెండి పడి ఉంటే ఈసారి పైన కట్టుకోవడానికి పట్టు చాందినీ పంపుతాడట."

గురువు తన చీవరానికి పడ్డ చిరుగు కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు. "నీళ్ళు కావాలని ఆయనకు చెప్పావా?"

"చెప్పడమేమిటి భంతే? భిక్షువు అడగకూడదు గదా. గుమ్మం ముందు నిలబడాలి. పాత్రలో వేసింది పుచ్చుకోవాలి, వెయ్యకపోతే ముందుకు నడవాలి. ఈ కాషాయం కట్టిన నాటి నుంచీ నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను."

ఆ చివరి మాట అన్నప్పుడు అతని మెడ కాస్త నిటారయింది.

"అవును, నువ్వు అడగవు," అన్నాడు గురువు. సూదిలో దారం ఎక్కించుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు.

మర్నాడు శెట్టి తనే వచ్చాడు. కొండ మొదట్లో బండి దిగాడు. వెనక ఇద్దరు పనివాళ్ళు చాందినీ మూట మోసుకుని నిలబడ్డారు. గురువు, సీహుడు ఎదురెళ్ళారు. అదే సమయానికి రేవు నుంచి ఇద్దరు కూలీలు ఒక మంచం తెచ్చి మెట్ల దగ్గర దించారు. మంచం మీద తెడ్డు వేసే మనిషి, ఒళ్ళు కాలిపోతోంది. "ఓడకి సరుకు ఎక్కిస్తన్నారు స్వామీ, మేస్త్రీ అరుస్తాడు," అని చెప్పి కూలీలు వచ్చిన దారినే పరుగెత్తారు.

గురువు మంచం వంక చూశాడు, మెట్ల వంక చూశాడు.

"సీహా, ముందు వైపు మంచం కోళ్ళు నువ్వు పట్టుకో. శెట్టీ, వెనక నువ్వు పట్టు."

శెట్టి సరిగ్గా విన్నానా లేదా అన్నట్టు చూశాడు. పనివాళ్ళు గబగబా ముందుకొచ్చారు.

"వద్దు నాయనా," అన్నాడు గురువు వాళ్ళతో. "మీ చేతుల్లో పట్టు ఉంది. నేల మీద పెడితే మాసిపోతుంది."

శెట్టి పైబట్ట నడుముకు బిగించాడు. మంచం లేచింది. గురువు, పనివాళ్ళు వెనకే నడిచారు.

సీహుడు రోజూ ఎక్కే మెట్లే. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ మెట్టు సగం విరిగి ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. కానీ చెప్పలేదు. అలవాటు చొప్పున తల వంచుకుని, మాట లేకుండా నడిచాడు. వెనక శెట్టికి కాళ్ళ కింద ఏమీ కనబడదు, ఎదురుగా మంచమే అడ్డం. కదిలే రాయి దగ్గర ఒకసారి తూలాడు. విరిగిన మెట్టు దగ్గర మోకాలు కొట్టుకున్నాడు. మంచం ఒక పక్కకు ఒరిగింది.

"నోరు లేదా స్వామీ?" అన్నాడు శెట్టి ఒగరుస్తూ. "మెట్టు ఉంటే మెట్టుందని చెప్పొచ్చు గదా."

మంచం మీది మనిషి కళ్ళు తెరిచాడు. "చెప్పరు బాబూ. ఆళ్ళు మాటాడరు, తవరు సూడరు. మద్దిన పడేది నేను."

శెట్టికి కోపం రావలసిందే. ఎందుకో నవ్వొచ్చింది. "ఒరే, జ్వరంలో కూడా నీ నోరు తగ్గలేదే."

"తగ్గితే ఇంకేటుంది బాబూ నాకాడ. శెట్టిబాబు నన్ను మోసినారని సెబితే రేవులో ఒక్కడూ నమ్మడు. కింద పడేసినారంటే మాత్రం అందరూ నమ్ముతారు."

సీహుడి చెవులు ఎర్రబడ్డాయి. నాలుగడుగులు వేశాక గొంతు సవరించుకున్నాడు.

"మెట్టు," అన్నాడు. కొంచెం ఆగి, "ఇది ఎత్తు మెట్టు. ఎడమ పక్క రాయి కదులుతుంది, దాని మీద కాలు వెయ్యకండి."

అక్కడి నుంచి మంచం ఒరగలేదు. కొంత దూరం పోయాక శెట్టి మాట తగ్గింది, ఊపిరి పెరిగింది. సీహుడికి తన చేతుల్లో బరువు తేలికగానే ఉంది. ఎందుకో అతనికి తోచలేదు.

"స్వామీ, ఆగండి," అన్నాడు శెట్టి చివరికి. ఆ మాట అనడానికి ఆయనకు మెట్లెక్కడం కన్నా ఎక్కువ కష్టమైనట్టుంది. "మీరు పైన, నేను కింద. బరువంతా నా మీదికే జారుతోంది. వేళ్ళు పట్టు తప్పుతున్నాయి."

సీహుడు వెనక్కి తిరిగి చూశాడు. శెట్టి వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇంతసేపూ అలాగే మోశాడా ఈయన? సీహుడు తన వైపు మంచాన్ని కిందికి దించి, నడుము వంచి పట్టుకున్నాడు. శెట్టి తన వైపు భుజానికి ఎత్తుకున్నాడు. బరువు ఇద్దరి మధ్యకు వచ్చింది.

శాల ముందు మంచం దించాక శెట్టి అరుగు మీద కూలబడ్డాడు. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి స్వామీ."

సీహుడు తొట్టి దగ్గరకు వెళ్ళాడు. చిప్పతో అడుగు గీకి తెచ్చాడు. సగం నీళ్ళు, సగం బురద.

శెట్టి చిప్పలోకి చూశాడు. "ఇవా?"

"ఇవే."

"మరి వాళ్ళకి?"

"ఇవే."

శెట్టి తాగలేదు. లేచి శాలలోకి తొంగి చూశాడు. బారుగా మంచాలు, పెదవులు పగిలిన మొహాలు. తన దీపపు స్తంభం మీద ఆరేసిన గుడ్డలు చూశాడు. మూలనున్న చందనం మొద్దులు చూశాడు.

"నాతో ఒక్క మాట చెప్పకపోయారా స్వామీ," అన్నాడు. "నీళ్ళు లేని చోటికి చందనం పంపానే. ఉమ్మితో అరగదీస్తారా దాన్ని?"

సీహుడు గురువు వైపు చూశాడు. గురువు జ్వరం మనిషి తల కింద గుడ్డ సర్దుతున్నాడు. ఆయన నుంచి ఏ సాయమూ రాలేదు.

సీహుడు నేల చూశాడు. తర్వాత తలెత్తాడు.

"నీళ్ళు కావాలి శెట్టీ," అన్నాడు.

అతి చిన్న మాట.

"నా బళ్ళు రోజూ ఏటి నుంచి ఓడలకు నీళ్ళు తోలుతాయి. మీ కొండ కింద నుంచే పోతాయి," అన్నాడు శెట్టి. "రేపటి నుంచి ఒక బండి నీళ్ళు మీ మెట్ల దగ్గరే దించేస్తుంది. పైకి మొయ్యడానికి మనుషుల్ని కూడా పంపుతాను. ముందే తెలిస్తే ఇన్నాళ్ళు..." అని ఆపేసి, చాందినీ మూట పట్టుకుని నిలబడ్డ పనివాళ్ళతో, "అది వెనక్కి తేండిరా," అన్నాడు. మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

సీహుడి మొహం వెలిగిపోయింది. "భంతే, అడిగాను. ఇస్తానన్నాడు."

"విన్నాను. ఆయనకు ఏం కావాలో అడిగావా?"

సీహుడికి అర్థం కాలేదు. "ఆయనకా? ఆయనకేం తక్కువ భంతే? అయినా బేరం మాట్లాడడానికి మనమేం వర్తకులం కాదు గదా."

గురువు చెయ్యి ఆగింది. "ఇచ్చేవాడికి ఆకలి ఉండదని నీకు ఎవరు చెప్పారు?"

సీహుడు చీవరం ఎగదోపుకుని మెట్ల మీద పరుగెత్తాడు.

శెట్టి సగం దారిలో దొరికాడు. సీహుడు ఆయన ఎదురుగా నిలబడి, ఊపిరి తిరగకముందే అడిగేశాడు. "శెట్టీ, మా వల్ల మీకు కావలసింది ఏమైనా ఉందా?"

శెట్టి నవ్వబోయి ఆగాడు. అమ్మడానికి వచ్చినవాళ్ళు అడుగుతారు ఆ మాట. కొండ మీద నుంచి ఎప్పుడూ రాలేదు. కింద సముద్రం మీద తన ఓడల వైపు చూశాడు.

"నా మనుషులు జ్వరమని మీ దగ్గరకొస్తారు," అన్నాడు. "ఆ తర్వాత బతికారో పోయారో నాకు కబురుండదు స్వామీ. గాలి తిరిగేలోగా ఓడ కదలాలి, చూసి చూసి కొత్తవాళ్ళను ఎక్కిస్తాను. వీళ్ళు లేచి దిగొచ్చేసరికి చోటు ఉండదు. వాళ్ళ ఆడవాళ్ళు నా వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోస్తారు. వాళ్ళ తప్పేముంది. నాకు కావలసింది కబురు. ఎవడు లేస్తాడు, ఎప్పటికి లేస్తాడు. అంతే."

సీహుడు నెమ్మదిగా మెట్లెక్కి తిరిగొచ్చాడు.

"ఏం కావాలట?" అన్నాడు గురువు.

"కబురు, భంతే."

"ఉందా మన దగ్గర?"

సీహుడు ఉందని చెప్పబోయాడు. శాలలోకి చూశాడు. ఎవరికి ఏ పూట జ్వరం పెరుగుతుందో, ఎవరికి గంజి పడుతుందో పడదో అంతా తెలుసు. అడగవలసింది మాత్రం ఒక్కరినీ అడగలేదు.

లోపలికి వెళ్ళి మొదటి మంచం పక్కన కూర్చున్నాడు.

"నీ పేరేమిటి నాయనా?" అన్నాడు. "ఏ ఓడ మీది?"